రెండు పిన్నుల కవరు

ఆ వానాకాలం మా వంటింట్లో ఒక కవరు పంతొమ్మిది రోజులు నీళ్ళ గ్లాసు కింద ఉంది. ఆ పంతొమ్మిది రోజులూ నేను అన్నం తిన్నానో గడ్డి తిన్నానో నాకు గుర్తు లేదు. గుర్తున్నదల్లా భయం. పొద్దున లేస్తే భయం, బస్సెక్కితే భయం, సాయంత్రం గుమ్మం ముందు చెప్పులు విప్పుతుంటే భయం. నేను పిరికిదాన్నని మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. బల్లిని చూసి మంచమెక్కే రకాన్ని. కానీ అంతకుముందు పడ్డ భయాలన్నీ కలిపినా ఆ కవరు పెట్టిన భయంలో పావు వంతు కావు.

దీనంతటికీ మూలం టీవీ. మా నాన్న పాస్టరు కాకముందు పదిహేనేళ్ళు టీవీలు బాగుచేశాడు. దేవుడి పిలుపు వచ్చిందని షాపు మూసేశాడు గానీ టీవీ మీద మోజు మాత్రం మూసుకోలేకపోయాడు. మిగతా పాస్టర్లు దాన్ని సాతాను పెట్టె అని తిడుతుంటే, "ఎన్ని పెట్టెలు విప్పానో లెక్కలేదు. సాతాను ఒక్కదాంట్లోనూ కనబడలేదు" అనేవాడు. బుధవారం సాయంత్రం సీరియల్, గురువారం సాయంత్రం మా ముందుగదిలో కూటం. ఓ పదిమంది వచ్చి చాపల మీద కూర్చునేవాళ్ళు. ఒక పాట, ఒక ప్రార్థన, ఆ తర్వాత నిన్నటి భాగంలో దేవుడు ఏం చెప్పాడో వెతకడం. గిట్టనివాళ్ళు నాన్నని 'టీవీ అయ్యగారు' అనేవాళ్ళు. గిట్టినవాళ్ళు కూడా అదే అనేవాళ్ళనుకోండి, కాకపోతే కాస్త ముద్దుగా.

ఆ సీరియల్ రెండేళ్ళు నడిచింది. యుద్ధానికి వెళ్ళిన కొడుకు కోసం ఎదురుచూసే తల్లి కథ. చివరి భాగంలో ఒకతను వచ్చి ఆవిడ చేతిలో అంటించిన కవరు పెట్టి వెళ్ళిపోతాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తుంది. బల్ల మీద పెట్టి, ఎగరకుండా దాని మీద నిండా నీళ్ళున్న గ్లాసు పెడుతుంది. నడుచుకుంటూ వెళ్ళి వీధి తలుపు తీస్తుంది. బయట తెల్లటి వెలుగు. తెరంతా తెలుపు. అంతే, పేర్లు పడ్డాయి.

మర్నాడు కూటంలో అందరికంటే ముందు లారీ తాతయ్య లేచాడు. నలభై ఏళ్ళు లారీ తోలి తోలి ఆయన గొంతు కూడా హారను లాగే తయారైంది.

"ఇదేం అన్యాయమండీ అయ్యగారూ! రెండేళ్ళు కూర్చోబెట్టి, కవరు విప్పకుండా పోతారా? ఆ కుర్రాడు ఉన్నాడా, పోయాడా? నాకు రాత్రంతా నిద్ర లేదు."

నాన్న నవ్వాడు. ఆయన అలా నవ్వాడంటే ఏదో దొరికిందన్న మాటే. "తాతయ్యా, కవరులో ఉన్నదేమిటి? మనుషులు రాసిన కాగితం. తలుపు బయట ఉన్నదేమిటి? వెలుగు. ఆవిడ కాగితాన్ని నమ్మలేదు, వెలుగుని నమ్మింది. కవరు విప్పినవాళ్ళకి కవరులో ఉన్నదే దొరుకుతుంది. విప్పనివాళ్ళకి తలుపు తెరుచుకుంటుంది."

చాపల మీద ఉన్నవాళ్ళంతా "ఆమేన్" అన్నారు. ఒకావిడ ఆ మాటని పాటల పుస్తకం వెనక అట్ట మీద రాసుకుంది. నాకూ నచ్చింది, అబద్ధమెందుకు. నాన్న మాట్లాడుతుంటే మా నాన్నే కదా అని పొంగిపోయేదాన్ని.

వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మ ఎప్పుడూ కూటంలో నోరు విప్పదు. ఆ రోజు మాత్రం అడిగింది. "అయితే ఆవిడ చేసింది మంచిపనేనంటారా?"

"మంచిపనేమిటి! దాన్నే విశ్వాసం అంటారు" అన్నాడు నాన్న. అమ్మ తలూపి లోపలికి వెళ్ళిపోయింది.

నేను పనిచేసేది వైద్య పరీక్షల ల్యాబులో. పరీక్షలు చేసేంత చదువు కాదు నాది. ప్రింటయి వచ్చిన రిపోర్టు మడిచి, ఆకుపచ్చ కవరులో పెట్టి, పిన్ను కొట్టి, కౌంటరు దగ్గర పేరు పిలిచి ఇవ్వడం వరకే. అయితే బయటివాళ్ళకి తెలియని పద్ధతి ఒకటుంది మాకు. మామూలు రిపోర్టయితే కవరు మూత మీద ఒక పిన్ను. పెద్ద డాక్టరు రిపోర్టు మూలన ఎర్ర గీత గీశాడంటే రెండు పిన్నులు. రెండో పిన్ను కనబడితే కౌంటరులో ఎవరున్నా సరే, "ఈ రోజే డాక్టరుగారిని కలవండి" అని చెప్పాలి. అంతకుమించి ఒక్క ముక్క చెప్పకూడదు. మొహం కూడా మామూలుగా పెట్టుకోవాలి. ఆ మామూలు మొహం పెట్టడం నేర్చుకోవడానికే నాకు ఆర్నెల్లు పట్టింది.

ఆ శనివారం మధ్యాహ్నం వానలో తడిసి ఇంటికొచ్చి, తువ్వాలు కోసం వంటింట్లోకి వెళ్ళాను. అలమారలో నిండా నీళ్ళున్న గ్లాసు, దాని కింద మా ల్యాబు ఆకుపచ్చ కవరు. సంఘంలోవాళ్ళు ప్రార్థనకని ఇచ్చే చీటీలూ రిపోర్టులూ అమ్మ ఆ అలమారలోనే పెడుతుంది కాబట్టి ఎవరిదో అనుకున్నాను. మూత మీద రెండు పిన్నులు చూసి 'అయ్యో పాపం' అనుకున్నాను కూడా. ఎవరిదా అని గ్లాసు పక్కన పెట్టి కవరు తిప్పాను. మా అమ్మ పేరు. వయసు యాభై రెండు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ముట్టుకోకు" అంది అమ్మ వెనకనుంచి.

"ఏంటమ్మా ఇది? ఎప్పుడిచ్చావు? దేనికి?"

"నెమ్మది. మీ నాన్న ముందుగదిలోనే ఉన్నారు." అమ్మ నా చేతిలోంచి కవరు తీసుకుని ఎక్కడిదక్కడ పెట్టి, గ్లాసు దాని మీద పెట్టింది. "ఎడమ రొమ్ములో చిన్న గడ్డలా తగిలింది. సూది పెట్టి ముక్క తీశారు. పదిరోజులైంది."

"మా ల్యాబులోనా? నాకు చెప్పకుండానా?"

"మీ దగ్గర కాదు. ఊరి చివర మీవాళ్ళ బ్రాంచి ఉందిగా, అక్కడ. నీకు తెలిస్తే నువ్వు ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే మీ నాన్నకి తెలుస్తుంది. ఆయన నీకంటే పిరికి. ఫోను నంబరు కూడా ఆ పాత షాపుదిచ్చాను, ఎవరూ ఫోన్ చేసి కంగారు పెట్టకుండా."

ఆ నంబరు పనిచేయడం మానేసి ఎన్నేళ్ళయిందో. బ్రాంచివాళ్ళు చేసి చేసి ఊరుకుని, కవరు ఇంటికి పంపేసి ఉంటారు.

"ఇవాళ పొద్దున ఒకతను గుమ్మం దగ్గరకొచ్చి చేతిలో పెట్టి వెళ్ళాడే" అంది అమ్మ. ఆ మాట చెబుతుంటే ఆవిడ మొహంలో ఒక వెలుగు కనబడింది. "అచ్చం సీరియల్లోలాగే. మొన్న మీ నాన్న ఆ మాట చెప్పడమేమిటి, ఇవాళ ఇది రావడమేమిటి? నాకోసమే చెప్పించాడు దేవుడు. నేను విప్పను."

"అమ్మా, నన్ను విప్పనీ."

"విప్పావో, నా మీద ఒట్టే."

"పాస్టరు భార్యవి, ఒట్లు పెట్టొచ్చా?"

"అవసరానికి పెట్టొచ్చు. మీ నాన్నకి చెప్పినా నా మీద ఒట్టే."

అప్పుడే చెప్పాల్సింది. అమ్మా, రెండు పిన్నులంటే ఇదీ అర్థం అని ఒక్క మాట. రోజుకి ముగ్గురికో నలుగురికో ముక్కూ మొహం తెలియనివాళ్ళకి చెప్పే మాటే. చెప్పలేదు. చెబితే అది నిజమైపోతుందని భయం. చెప్పకపోతే ఇంకా కవరులోనే ఉంటుంది కదా అని ఒక పాడు ఆశ. అమ్మ విప్పకుండా ఎందుకు పెట్టుకుందో నేను నోరు విప్పకుండా ఉన్నదీ అందుకే, ఇప్పుడు తెలుస్తోంది.

మర్నాటి నుంచి అమ్మ రోజూ పొద్దున ఆ గ్లాసులో నీళ్ళు మార్చేది. పాత నీళ్ళు మొక్కకి పోసి, కొత్త నీళ్ళు నింపి, కళ్ళు మూసుకుని ఒక నిమిషం నిలబడి, కవరు మీద పెట్టేది. వానాకాలం కదా, గ్లాసు చెమ్మకి కవరు మీద గుండ్రటి మరక పడింది. పిన్నులు తుప్పు పట్టడం మొదలెట్టాయి. ముందు చిన్న చుక్క, తర్వాత గోధుమరంగు మరక, తర్వాత అది కిందికి పాకింది. నేను రోజూ చూసేదాన్ని. కవరు మీద మరక పెరుగుతుంటే అమ్మలో ఏం పెరుగుతోందో అనుకునేదాన్ని.

ఒకరోజు వాన తెరిపిచ్చింది. అమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. దుప్పటి ఒక అంచు కుడిచేత్తో తీగ మీద వేసి, రెండో అంచు నోటితో పట్టుకుని లాగుతోంది. ఎడమచెయ్యి భుజం దాటి పైకి లేవడం లేదు. నన్ను చూసి నోట్లోంచి దుప్పటి వదిలేసి, "ఏంటలా చూస్తావ్, రా, ఇటు పట్టుకో" అంది. పట్టుకున్నాను. ఇద్దరం దుప్పటికి అటొకరూ ఇటొకరూ నిలబడ్డాం. దుప్పటి అడ్డం ఉంది కాబట్టి బతికిపోయాను, నా మొహం ఆవిడకి కనబడలేదు.

ల్యాబులో మా సూపర్‌వైజరక్కని ఊరికే అడిగినట్టు అడిగాను. "అక్కా, రెండు పిన్నుల కవరు ఎవరైనా విప్పకుండా ఇంట్లో పెట్టుకుంటే ఏమవుతుంది?"

ఆవిడ లెక్క రాసుకుంటూ తలెత్తలేదు. "కవరుకేమవుతుంది? ఏం కాదు. అయ్యేది మనిషికే." కళ్ళజోడు తీసి నా వైపు చూసింది. "ఎవరే?"

"ఎవరూ లేదక్కా."

"ఎవరూ లేనిదానికి మొహాన నెత్తుటి చుక్క లేదేం?"

బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. తిరిగొచ్చి కౌంటరులో కూర్చున్నాను. ఆ మధ్యాహ్నం ఒకావిడకి రెండు పిన్నుల కవరిచ్చి, "ఈ రోజే డాక్టరుగారిని కలవండి" అన్నాను. నా గొంతు నాకే అసహ్యమేసింది.

ఇంట్లో నాన్నకి ఇదేమీ తెలియదు. ఆయన ఆనందం ఆయనది. సీరియల్ అయిపోయినా కూటం అయిపోలేదు. వారం వారం ఆ చివరి సీనే తిప్పి తిప్పి చెప్పుకునేవాళ్ళు. 'విప్పనివాళ్ళకి తలుపు తెరుచుకుంటుంది' అన్న మాట సంఘం దాటి వీధిలో పడింది. లారీ తాతయ్య కళ్ళ డాక్టరు రాసిచ్చిన చీటీ మీద గ్లాసు పెట్టుకున్నాడట. మూడోవారం నుదుటి మీద బొప్పితో వచ్చాడు.

"తలుపు తెరుచుకోలేదండీ అయ్యగారూ, నేనే వెళ్ళి గుద్దుకున్నాను" అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. నాన్నా నవ్వాడు గానీ, నవ్వు మధ్యలోనే ఆగిపోయి ఆయన బొప్పి వైపు చూస్తూ ఉండిపోయాడు.

అది పంతొమ్మిదో రోజు. వాన రేకుల మీద టపటపా కొడుతోంది. నాన్న ఆ రోజు కొత్త సంగతి పట్టుకొచ్చాడు. పరిశుద్ధ గ్రంథం ఒళ్ళో పెట్టుకుని, "టీవీవాళ్ళని తిట్టారు కదా, చివర తెంపేశారని. అన్నిటికంటే ముందు రాసిన సువార్త కూడా ఇలాగే తెగిపోతుంది, తెలుసా?" అన్నాడు. "ఆదివారం తెల్లారగట్ల ముగ్గురు ఆడవాళ్ళు ప్రభువు సమాధి దగ్గరకెళ్తారు. లోపల తెల్లబట్టల కుర్రాడు. ఆయన లేచాడు, వెళ్ళి చెప్పండి అంటాడు. వాళ్ళు గడగడా వణికిపోతూ పారిపోతారు. భయంతో ఎవరికీ ఏమీ చెప్పరు. పాత ప్రతుల్లో అక్కడితో సరి. తెర తెల్లబడినట్టే!"

"భలే!" అన్నాడు తాతయ్య.

భయంతో ఎవరికీ ఏమీ చెప్పరు. ఆ మాట నా చెవిలో పడి కదల్లేదు. గుమ్మం దగ్గర అమ్మ, చేతిలో పళ్ళెం ఉంది. కుడిచేతిలో. ఎడమచెయ్యి ఒంటికి అదుముకుని నిలబడింది.

నేనెప్పుడు లేచి నిలబడ్డానో నాకు తెలియదు. "నాన్నా, వాళ్ళు ఎవరికీ చెప్పకపోతే మనకెలా తెలిసింది?"

నాన్న పేజీ వైపు చూశాడు. "అదీ... తర్వాతెప్పుడో చెప్పుంటారమ్మా."

"భయం పోయాకా?"

"ఏమో తల్లీ. భయం అంత తొందరగా పోయేదా?" ఆయన గొంతు తగ్గింది. "భయపడుతూనే చెప్పుంటారు."

"ఇంకోటి నాన్నా. వాళ్ళు లోపలికెళ్ళి చూశారు కదా. బయటే నిలబడి నమ్ముకోలేదు. రాయి దొర్లి ఉంటే తలవంచి లోపలికెళ్ళారు."

గోడ పట్టుకున్నాను. అమ్మ వైపు చూడకుండా నాన్న వైపే చూస్తూ చెప్పాను. "మా ల్యాబులో మామూలు రిపోర్టయితే కవరుకి ఒక పిన్ను కొడతాం నాన్నా. ఆ రోజే డాక్టరుకి చూపించాల్సినదైతే రెండు కొడతాం."

నాన్నకి అర్థం కాలేదు. "ఇప్పుడదెందుకమ్మా?" అన్నాడు.

గుమ్మం దగ్గర పళ్ళెం కింద పెట్టిన చప్పుడైంది. అమ్మ నన్నే చూస్తోంది. "రెండా?" అంది చిన్నగా. పంతొమ్మిది రోజులు ఆ రెండు పిన్నుల్నీ చూస్తూ ప్రార్థన చేసిన మనిషి. వాటికొక అర్థముందని ఆవిడకేం తెలుసు?

నేను తలూపాను. అమ్మ లోపలికి వెళ్ళింది. గ్లాసులో నీళ్ళు పారబోసిన చప్పుడు వినిపించింది. కవరు తెచ్చి నాన్న ఒళ్ళో, తెరిచి ఉన్న గ్రంథం మీద పెట్టింది.

"మీరే విప్పండి. నాకు భయంగా ఉంది" అంది.

లారీ తాతయ్య మెల్లగా లేచి, మిగతావాళ్ళని కళ్ళతోనే లేపి, వానలోనే బయటికి నడిపించాడు.

నాన్న కవరు మీద పేరు చదువుకున్నాడు. ఒకప్పుడు ఎంత సన్నటి స్క్రూ అయినా అవలీలగా తీసిన వేళ్ళు ఆ రెండు తుప్పు పిన్నుల్నీ తీయలేక తీయలేక తీశాయి. కాగితం మడత విప్పాడు. ఆయనకి అందులో ఎర్ర గీత తప్ప ఏమీ అర్థం కాలేదు. నాకిచ్చాడు. నేను చదివి చెప్పాను. కేన్సరు అన్న మాట మా ఇంట్లో అదే మొదటిసారి పలకడం. పలికింది నేను.

నాన్న అమ్మ వైపు తిరిగాడు. "నేను అన్న ఆ మాటకేనా, నువ్వు విప్పంది?"

"మీ మాటకి కాదులెండి" అంది అమ్మ. "నా భయానికి మీ మాట దొరికింది. అంతే."

నాన్న ఆవిడ ఎడమచెయ్యి పట్టుకుని ఏడ్చాడు. మా నాన్న ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. అమ్మ కుడిచేత్తో ఆయన వీపు నిమురుతూ, "చూశావా, ఈయన నీకంటే పిరికి అంటే నమ్మలేదు" అంది నాతో.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ తేదీ చూసి, "ఇన్నిరోజులు ఏం చేశారండీ?" అంది.

"తప్పు నాదండీ" అన్నాడు నాన్న. "నేనొక సీరియల్‌కి తప్పు అర్థం చెప్పాను."

డాక్టరమ్మ ముగ్గురి మొహాలూ చూసింది. "సరే, పంతొమ్మిది రోజులే కదా, పంతొమ్మిది నెలలు కాదు. సోమవారం చేర్చండి, మంగళవారం ఆపరేషన్" అని రాసిచ్చింది.

ఆదివారం ఆరాధనలో నాన్న ప్రసంగం ఐదు నిమిషాలు కూడా సాగలేదు. "నేను మీకొక మాట చెప్పాను, మీలో కొందరు రాసుకున్నారు. దాన్ని కొట్టేయండి. ఆ తల్లి కవరు ఎందుకు విప్పలేదో నాకు తెలియదు. నాకు తెలియనిది తెలిసినట్టు చెప్పాను. వెలుగు తలుపు బయటే ఉంటుందన్నాను. కవరులో కూడా ఉండొచ్చు. ఇళ్ళకెళ్ళి విప్పండి, ఒక్కరే విప్పలేకపోతే నన్ను పిలవండి, నేనూ భయపడుతూనే వస్తాను." పాటల పుస్తకం అట్ట మీద ఎవరో పెన్నుతో బరబరా కొట్టేస్తున్న చప్పుడు నేను విన్నాను.

ఆపరేషన్ అయింది. తీసేసిన చోట అంచుల్లో ఏమైనా మిగిలిందేమో చూడటానికి మళ్ళీ పరీక్షకు పంపారు. ఈసారి మా ల్యాబుకే. అమ్మ నంబరు కూడా సరైనదే ఇచ్చింది.

వానలు వెనకబట్టిన ఒక మధ్యాహ్నం ఇద్దరూ వచ్చి అందరితో పాటు వరసలో నిలబడ్డారు. అమ్మ ముందు, నాన్న వెనక. నాన్న కళ్ళు అప్పటికే మూసుకున్నాయి, పెదాలు కదులుతున్నాయి. సూపర్‌వైజరక్క లోపలినుంచి వచ్చి, ఒక కాగితం బోర్లా నా ముందు పెట్టింది. "నువ్వే పెట్టు" అని వెళ్ళిపోయింది. మామూలు మొహం పెట్టడంలో ఆవిడకి ఇరవై ఏళ్ళ అనుభవం. ఆ మొహంలో నాకేమీ దొరకలేదు.

కాగితం తిప్పడానికి చెయ్యి రాలేదు. నేనే కదా ఊరందరికీ నీతులు చెప్పినదాన్ని, లోపలికెళ్ళి చూశారు కదా అని. భయపడుతూనే తిప్పాను. పై మూల చూశాను. మళ్ళీ చూశాను. మడిచి, కవరులో పెట్టి, మూత వేసి, పిన్ను కొట్టాను.

టక్.

కౌంటరుకి అవతల అమ్మ కూడా కళ్ళు మూసుకుంది. అంచు మీద కుడిచేతి వేళ్ళు బిగించి పట్టుకుంది. కవరు ఆవిడ వైపు జరిపాను, కళ్ళు తెరవలేదు.

"రెండోది కూడా కొట్టవే" అంది. "నేను నిలబడే ఉన్నాను, ఫరవాలేదు."

"అంతేనమ్మా" అన్నాను. "ఒకటే."

అయినా అమ్మ కాసేపు కళ్ళు తెరవకుండా అలాగే నిలబడి ఇంకా వింటూ ఉంది.